పక్కింటి సంగతి చెప్పాలా, వద్దా?

(మహాసభల్లో గృహ యజమానుల చర్చావేదికలో చేసిన ప్రసంగ పాఠం)



పక్క హాల్లో పిల్లల కూచిపూడి వదులుకొని ఈ గదిలోకి వచ్చిన పెద్దలకీ మిత్రులకీ ముందుగా కృతజ్ఞతలు. ఇళ్ళ గురించి మాట్లాడతానంటే అందరూ వడ్డీ రేట్లు తగ్గుతాయా, ధరలు పెరుగుతాయా అని అడుగుతారు. నాకు జ్యోతిషం రాదు కాబట్టి ఆ జోలికి వెళ్ళను. నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఒకే ఒక్క విషయం మాట్లాడతాను. ఇల్లు అమ్మేటప్పుడు పక్కింటివాళ్ళతో మనకున్న తగాదాల సంగతి కొనేవాళ్ళకి చెప్పాలా, వద్దా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. ఇల్లు అమ్మి చూడు అనలేదు. మన ఊళ్ళలో ఇల్లు అమ్మాడంటే ఏదో చితికిపోయి అమ్ముకున్నాడనే అనుకునేవారు. ఈ దేశం వచ్చాక ఉద్యోగం మారిందని ఒకసారి, పిల్లల స్కూలు కోసం ఒకసారి, పిల్లలు వెళ్ళిపోయాక ఇంత ఇల్లెందుకని ఇంకోసారి అమ్ముతూనే ఉన్నాం. కొనేటప్పుడు ఏం చూసుకోవాలో మనలో ప్రతివారికీ తెలుసు. అమ్మేటప్పుడు ఏం చెప్పాలో తెలిసినవాళ్ళు తక్కువ.

నేను కాలిఫోర్నియాలో ఇళ్ళు కొనిపెట్టే, అమ్మిపెట్టే ఏజెంటుని. లాయర్ని కాను. నేను చెప్పేది విని మీ రాష్ట్రంలో లాయర్ని అడిగి నిర్ధారించుకోండి. కానీ ఈ విషయం నేను ఏజెంటుగా కంటే, ఇల్లు అమ్ముకున్న మనిషిగా బాగా నేర్చుకున్నాను. ముందు ఆ కథ చెబుతాను.

మా ఇంటి కథ

ఫ్రీమాంట్‌లో మేము పద్నాలుగేళ్ళున్న ఇల్లు అది. పిల్లలిద్దరూ అక్కడే పెరిగారు. చివరి మూడేళ్ళలో పక్కింట్లోకి కొత్తవాళ్ళు వచ్చారు. ఆ ఇంటి కుర్రాడికి డ్రమ్స్ అంటే ప్రాణం. శుక్ర, శనివారాలు రాత్రి గరాజ్‌లో స్నేహితులతో కలిసి మొదలుపెడితే ఒంటిగంటకి గాని ఆపేవాడు కాదు. మా పడకగది గోడకీ వాళ్ళ గరాజ్‌కీ మధ్య పట్టుమని పదిహేను అడుగులు లేదు. మొదట వెళ్ళి మర్యాదగా చెప్పాను. రెండు వారాలు తగ్గింది, మళ్ళీ మామూలే. మూడుసార్లు పోలీసులకి ఫోన్ చేశాను. దీనికి తోడు ఒక గాలివానకి మా ఇద్దరి మధ్య కంచె పడిపోతే, సగం ఖర్చు ఇస్తామని ఇవ్వలేదు. మొత్తం నేనే పెట్టుకున్నాను. ఆ తర్వాత మాటలు కూడా లేవు.

ఇల్లు అమ్మకానికి పెట్టాం. మొదటి ఓపెన్ హౌస్‌కే మన తెలుగు దంపతులు వచ్చారు. ఆ అమ్మాయికి ఏడో నెల. పెరట్లో కరివేపాకు మొక్క చూసి ఆవిడ ముఖం విప్పారింది. మేం పిల్లల గదిగా వాడిన గదినే వాళ్ళూ పిల్లల గది అనుకున్నారు. అది సరిగ్గా పక్కవాళ్ళ గరాజ్ వైపు గది. వెళ్ళేటప్పుడు మేం అడిగినదానికంటే కాస్త ఎక్కువే ఇస్తామన్నారు.

ఆ రాత్రి డిస్‌క్లోజర్ కాగితాలు పూర్తి చేయడానికి కూర్చున్నాను. కప్పు, ప్లంబింగ్, వాటర్ హీటర్, అన్నీ చకచకా రాసేశాను. "ఇరుగుపొరుగున శబ్దాల సమస్యలు గాని, ఇతర ఇబ్బందులు గాని ఉన్నాయా?" అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. సందేహం ఉంటే రాసెయ్యండి అని ఏళ్ళ తరబడి అందరికీ చెబుతున్నవాణ్ణి! నాదాకా వచ్చేసరికి ఎన్ని సాకులు దొరికాయో చూడండి. శబ్దం అనేది వినేవాళ్ళని బట్టి ఉంటుంది కదా. ఆ కుర్రాడు వచ్చే ఏడాది కాలేజీకి వెళ్ళిపోతాడేమో. వీళ్ళు వయసులో ఉన్నవాళ్ళు, మాలాగా పదింటికే పడుకోరేమో.

మా ఆవిడ వెనకనించి చూస్తూ ఒకే మాట అంది. "ఏమండీ, మూడుసార్లు పోలీసుల్ని పిలిచింది మీరే కదా? ఇప్పుడు సమస్య లేదని మీరే సంతకం పెడతారా?"

పెట్టలేకపోయాను. మొదట కోపంలో అరపేజీ రాశాను. అందులో సంస్కారం లేని మనుషులనీ, పిల్లవాణ్ణి గాలికొదిలేశారనీ ఉంది. మా ఆవిడ చదివి, ఇందులో వాళ్ళ గురించి కంటే మీ కోపం గురించే ఎక్కువ ఉందంది. అదంతా కొట్టేసి మూడు వాక్యాలు మిగిల్చాను. ఫలానా ఏడాది నించి పక్కింటి గరాజ్‌లో శుక్ర, శనివారాల్లో రాత్రి ఒంటిగంట దాకా డ్రమ్స్ వాయిస్తున్నారు. మేము మూడుసార్లు పోలీసులకి ఫోన్ చేశాం. ఉమ్మడి కంచె ఖర్చులో సగం పక్కవారు చెల్లించలేదు, మేమే కట్టించాం. అంతే.

కాగితాలు చూసిన మర్నాడే ఆ అబ్బాయి ఫోన్ చేశాడు. "అంకుల్, ఇల్లు మాకు చాలా నచ్చింది. కానీ చంటిపిల్లతో అక్కడ కుదరదు. చెప్పినందుకు థాంక్సండీ" అన్నాడు. నెలన్నర తర్వాత ఇంకొకాయన కొన్నారు. ఆయన ఆ మూడు వాక్యాలూ చదివి, ఒక శుక్రవారం రాత్రి పదకొండింటికి వచ్చి, మా ఇంటి ముందు కారాపుకొని గంటసేపు విన్నారు. విని, 22 వేల డాలర్లు తక్కువకి అడిగారు. ఇచ్చేశాం. ఆ డబ్బు పోయినందుకు నాకు బాధ లేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. బాధ ఉంది. కానీ ఆ దంపతులని గుడిలో ఇప్పటికీ చూస్తుంటాను. ఆ పాప నాకు నమస్కారం పెడుతుంది. తల తిప్పుకొని వెళ్ళాల్సిన అవసరం రాలేదు.

చట్టం ఏమంటుంది?

పాతకాలంలో ఈ దేశంలోనూ కొనేవాడే చూసుకోవాలి అన్నదే సూత్రం. అది మెల్లగా మారింది. కాలిఫోర్నియాలో 1984లో ఈస్టన్ వర్సెస్ స్ట్రాస్‌బర్గర్ అనే కేసు వచ్చింది. మట్టి కుంగే స్థలంలో కట్టిన ఇల్లు అది. ఏజెంటు కూడా కళ్ళు తెరిచి చూసి, కనిపించిన లోపాలు కొనేవాళ్ళకి చెప్పాలని కోర్టు అంది. దాని తర్వాత చట్టసభ ఒక చట్టం చేసింది. 1987 జనవరి నించి ఒకటి నించి నాలుగు వాటాల ఇళ్ళు అమ్మేవాళ్ళు చాలావరకూ ట్రాన్స్‌ఫర్ డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అనే ఫారం నింపి ఇవ్వాలి. నా చెయ్యి ఆగిన ప్రశ్న ఆ ఫారంలోదే. దానితోపాటు పక్కవాళ్ళతో ఉమ్మడిగా ఉన్న గోడలు, కంచెలు, డ్రైవ్‌వేల గురించి, ఆక్రమణల గురించి, కోర్టు వ్యాజ్యాల గురించి కూడా విడిగా ప్రశ్నలున్నాయి. అంటే పక్కింటి సంగతి ఒక్క చోట కాదు, మూడు నాలుగు చోట్ల అడుగుతుంది.

1992లో అలెగ్జాండర్ వర్సెస్ మెక్‌నైట్ అని ఇంకో కేసు. పక్కవాళ్ళు అర్ధరాత్రులు బాస్కెట్‌బాల్ ఆడతారు, లెక్కకు మించి కార్లు పెడతారు, చుట్టుపక్కలవాళ్ళకి మనశ్శాంతి లేదు. ఇలాంటి పొరుగు ఉన్నప్పుడు ఇల్లు అమ్మేవాళ్ళు ఆ సంగతి కొనేవాళ్ళకి చెప్పక తప్పదని అప్పీలు కోర్టు అంది. చెబితే ధర తగ్గుతుంది కాబట్టి అది కూడా ఆ పొరుగువాళ్ళు చేసిన నష్టమే అన్నది అక్కడి లెక్క.

1998లో షపీరో వర్సెస్ సదర్లాండ్. అమ్మినవాళ్ళు పక్కింటి గోల మీద పోలీసులకి ఫిర్యాదులు చేసినవాళ్ళే. ఫారంలో మాత్రం సమస్య లేదన్నారు. ఇల్లు నేరుగా అమ్మలేదు, ఉద్యోగ బదిలీ చూసే రీలొకేషన్ కంపెనీకి ఇచ్చారు, ఆ కంపెనీ ఇంకొకరికి అమ్మింది. మధ్యలో కంపెనీ ఉంది కదా, మాకు సంబంధం లేదంటే కుదరదని కోర్టు చెప్పింది. మనలో కంపెనీ ట్రాన్స్‌ఫర్ల మీద ఊళ్ళు మారేవాళ్ళు ఎక్కువ. ఈ కేసు గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ ఒక్క ముఖ్యమైన సంగతి గమనించాలి. ఇంటి కప్పు కారుతుంటే ఇన్‌స్పెక్టరు నిచ్చెన వేసి చూస్తాడు. చెదలుంటే చెదల ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడు. పక్కింటివాడి స్వభావం ఏ నిచ్చెన వేసినా కనపడదు. ఏజెంటు ఇల్లంతా తిరిగి చూడాలని చట్టం చెబుతుంది కానీ, ఆ తనిఖీ మన స్థలం హద్దు దగ్గరే ఆగిపోతుంది. పక్కవాళ్ళ సంగతి ఏజెంటు తెలిస్తే చెప్పాలి, తెలుసుకోవాలని లేదు. కొనేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఓపెన్ హౌస్‌కి వస్తారు, అప్పుడు వీధంతా ప్రశాంతంగా ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో నిజం తెలిసిన మనిషి లావాదేవీ మొత్తంలో ఒక్కరే. అమ్మేవారు. వాళ్ళు నోరు మూసుకుంటే కొనేవాళ్ళకి ఇంకో దారి లేదు. మిగిలిన లోపాలకంటే దీన్ని చెప్పాల్సిన బాధ్యత బరువైనది అని నేననేది అందుకే.

దాస్తే ఏమవుతుంది?

అమ్మకం రద్దు కాదు కదా అంటారు. నిజమే, ఫారంలో తప్పున్నంత మాత్రాన అమ్మకం చెల్లకుండా పోదు. కానీ కావాలని గాని, నిర్లక్ష్యంగా గాని దాచినవాళ్ళు అసలు నష్టం కట్టుకోవాలని చట్టంలోనే ఉంది. మోసం అని రుజువైతే, అది బయటపడ్డ రోజు నించి మూడేళ్ళ దాకా దావా వేయవచ్చు. "ఉన్నది ఉన్నట్టుగా" అమ్మాం అని కాంట్రాక్టులో రాసుకున్నా, తెలిసి దాచినదానికి అది గొడుగు పట్టదు. ఫిర్యాదు చేసిన తేదీలు పోలీసుల దగ్గర ఉంటాయి. ఇంకో సంగతి. కొన్నవాళ్ళు దిగిన మొదటి వారంలోనే ఆ పక్కింటాయనే పలకరించి, మీకు ముందున్నవాళ్ళు నామీద మూడుసార్లు పోలీసుల్ని పిలిచారు అని చెప్పేస్తాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గాని, ఇక్కడ నిలకడ కూడా అక్కర్లేదు.

కాంట్రాక్టు మీద సంతకాలయ్యాక ఫారం ఇస్తే, చేతికిచ్చినట్టయితే మూడు రోజులు, పోస్టులో పంపితే ఐదు రోజులు కొనేవారికి వెనక్కి తగ్గే హక్కు ఉంటుంది. అందుకే బే ఏరియాలో కాగితాల కట్ట ముందే చేతికివ్వడం అలవాటు. ముందే చదివి కొన్నవాడు తర్వాత తెలియదనలేడు. రాసిన ఆ మూడు వాక్యాలు కొన్నవారికంటే అమ్మినవారికే ఎక్కువ రక్ష.

రాష్ట్రానికో తీరు

మీలో అన్ని రాష్ట్రాలవాళ్ళూ ఉన్నారు. కాలిఫోర్నియా మాట అన్ని చోట్లా చెల్లదు. వర్జీనియాలో పద్ధతి దాదాపు తలకిందులు. పక్క స్థలాలకి సంబంధించిన విషయాల్లో అమ్మేవారు ఏ హామీ ఇవ్వడం లేదు, కొనేవారే విచారించుకోవాలి అని అక్కడి ఫారంలోనే ఉంటుంది. టెక్సస్‌లో 1994 నించి అమ్మేవారి నోటీసు ఉంది. ఇంటికి సంబంధించిన వ్యాజ్యాలు, నిబంధనల ఉల్లంఘన నోటీసులు అందులో అడుగుతారు. న్యూయార్క్‌లో 2002 చట్టం ప్రకారం ఫారం ఉన్నా, ఇవ్వనివాళ్ళు 500 డాలర్లు తగ్గించి ఊరుకునేవారు. ఆ వెసులుబాటు 2024 మార్చిలో పోయింది. మీ స్థలంలో ఏ కాస్తయినా తమదని ఎవరైనా అంటున్నారా అన్న ప్రశ్న అందులో ఉంది. ఫ్లోరిడాలో 1985 నాటి జాన్సన్ వర్సెస్ డేవిస్ తీర్పు ప్రకారం, కంటికి కనపడని, ధరని ప్రభావితం చేసే సంగతి తెలిసుంటే చెప్పాలి. న్యూజెర్సీలో 1995లో స్ట్రాన్ వర్సెస్ కనూసో కేసులో, ఊరి పక్కన మూసేసిన చెత్తకుప్ప సంగతి కొత్త ఇళ్ళు అమ్మిన బిల్డర్లు చెప్పి ఉండాల్సింది అని సుప్రీం కోర్టు అంది. హద్దు అవతలి సంగతి కూడా ఒక్కోసారి ఇంటి సంగతే అన్నమాట.

ఒక మాట మాత్రం ఎక్కడైనా ఒకటే. మౌనంగా ఉండే హక్కు కొన్ని రాష్ట్రాలిస్తాయేమో గాని, అడిగినప్పుడు అబద్ధం చెప్పే హక్కు ఏ రాష్ట్రమూ ఇవ్వదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ప్లాటు అమ్ముకునేవాళ్ళూ మనలో ఉన్నారు. అక్కడ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఉంది. మామూలు జాగ్రత్తతో కొనేవారు కనుక్కోలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో గాని, హక్కులో గాని ఉంటే, అది తెలిసిన అమ్మకందారు చెప్పి తీరాలంటుంది. పక్కింటి గోల దానికిందకి రాకపోవచ్చు. పక్కవాడు మూడడుగులు లోపలికి జరిగి గోడ కట్టిన సంగతి మాత్రం దాచవద్దు.

ఎలా రాయాలి, ఏం రాయకూడదు

మొదటిది, జరిగింది రాయండి, అభిప్రాయం రాయొద్దు. రోజు, వేళ, ఎన్నిసార్లు, మీరేం చేశారు. మంచివాడు, చెడ్డవాడు అనే తీర్పులు వద్దు.

రెండోది చాలా ముఖ్యం. పొరుగువారి జాతి, రంగు, మతం, పుట్టిన దేశం, వైకల్యం, వాళ్ళింట్లో చిన్నపిల్లలుండటం, ఇవి రాయకూడదు, నోటితోనూ చెప్పకూడదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం, దానికి 1988లో చేసిన సవరణ ఈ విషయంలో కచ్చితంగా ఉంటాయి. "అంకుల్, చుట్టుపక్కల మనవాళ్ళున్నారా?" అని నన్ను రోజూ అడుగుతారు. ఏజెంటుగా నేను జవాబు చెప్పకూడని ప్రశ్న అది. రాత్రి ఒంటిగంటకి డ్రమ్స్ మోగడం సమస్య. వాయించేవాళ్ళు ఎవరన్నది సమస్య కాదు.

మూడోది, తగాదా తీరిపోయిందా? తీరిందని తేదీతో రాయండి. రాజీ కాగితం ఉంటే జతచేయండి. తీరిన తగాదాకి ఎవరూ భయపడరు.

నాలుగోది, కొందరు తెలివిగా అడుగుతారు. ఫిర్యాదు చేస్తే రికార్డవుతుంది, రికార్డయితే చెప్పాలి, కాబట్టి ఫిర్యాదు చేయకుండా భరిస్తే సరిపోతుంది కదా అని. సరిపోదు. చెప్పాల్సిన బాధ్యత ఫిర్యాదు వల్ల రాదు, మీకు తెలియడం వల్ల వస్తుంది. ఏళ్ళ తరబడి నిద్ర చెడగొట్టుకొని, చివరికి అదీ రాయాలి.

చెప్పనక్కర్లేనివీ ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఆ ఇంట్లో మూడేళ్ళకి ముందు జరిగిన మరణం సంగతి తనంతట చెప్పనక్కర్లేదు. సూటిగా అడిగితే మాత్రం అబద్ధం ఆడకూడదు. పక్కావిడ పలకరించదు, వాళ్ళ కుక్క మీకు నచ్చదు లాంటివి తగాదాలు కావు. అదే కుక్క రాత్రంతా మొరిగి, మీరు సిటీకి ఉత్తరం రాసి ఉంటే, అది రాయాల్సిందే.

కొనేవాళ్ళకి రెండు మాటలు. ఇల్లు మూడు వేళల్లో చూడండి. పనిరోజు పొద్దున, శుక్రవారం రాత్రి, ఆదివారం. అటూ ఇటూ ఇళ్ళ తలుపులు తట్టి, మేం ఇక్కడ కొనాలనుకుంటున్నాం అని పలకరించండి. పది నిమిషాల మాటల్లో చాలా తెలుస్తుంది. హెచ్.ఓ.ఏ. ఉంటే బోర్డు సమావేశాల మినిట్స్ అడిగి తీసుకోండి, తగాదాలన్నీ అక్కడే ఉంటాయి. పక్కవాళ్ళతో మీకేమైనా ఇబ్బందులున్నాయా అని అమ్మేవాళ్ళని కాగితం మీద అడగండి. అడిగిన ప్రశ్నకి జవాబు కాగితం మీద రాయాల్సి వస్తే మనిషి జాగ్రత్తపడతాడు.

మనమూ ఒకరికి పక్కింటివాళ్ళమే

చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను.

ఆ మూడు వాక్యాలు రాసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. పక్కింటాయన ఇల్లు అమ్ముకుంటే, ఇదే ప్రశ్నకి నా గురించి ఏం రాస్తాడు అన్న ఆలోచన వచ్చింది. మా అబ్బాయి అక్షరాభ్యాసం నించి అమ్మాయి గ్రాడ్యుయేషన్ దాకా ఆ వీధిలో ఎన్ని కార్లు నిలబెట్టించానో లెక్కలేదు. సత్యనారాయణ వ్రతానికి అరవైమందిని పిలిచాను. ఎవరో ఒకరు ప్రతిసారీ ఆయన డ్రైవ్‌వేకి అడ్డంగా పెట్టేవారు. ఆయన రెండుసార్లు వచ్చి చెప్పాడు. నేను నవ్వి, ఒక్క రోజే కదా అన్నాను. ఆయనకీ నేను డ్రమ్స్ గురించి చెబితే అదే మాట అన్నాడు. ఒక్క రాత్రే కదా అని. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. నేనన్నప్పుడు ఆయనకి మండి ఉండదని ఎలా అనుకున్నానో!

ఇల్లు ఖాళీ చేసే ముందురోజు వెళ్ళి ఆయన తలుపు తట్టాను. ఫారంలో మీ గరాజ్ సంగతి రాశాను, మీ వెనక రాశానని అనుకోవద్దు అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కొత్తగా వచ్చేవాళ్ళకి నా ఫోన్ నంబరు ఇవ్వండి. ఎక్కువైతే పోలీసుల కంటే ముందు నాకు ఫోన్ చెయ్యమనండి" అన్నాడు. మూడేళ్ళలో మేమిద్దరం మనుషుల్లా మాట్లాడుకున్నది ఆ పది నిమిషాలే. మొదట్లోనే ఆ నంబరు నేనే అడిగి ఉంటే, ఫారంలో రాయడానికి అసలేమీ ఉండేది కాదేమో.

కాబట్టి అమ్మేటప్పుడు ఉన్నది చెప్పండి. ఉన్నన్నాళ్ళూ చెప్పాల్సింది తక్కువగా ఉండేట్టు చూసుకోండి.  భోజనాలకి వేళయింది, మీ కార్లు ఎవరికీ అడ్డంగా లేవో లేదో ఒక్కసారి చూసుకొని వెళ్ళండి.